ప్లగ్‌లో వదిలేసిన ఛార్జర్: పీకాలా, స్విచ్ ఆపాలా, అలాగే ఉంచాలా?

మల్కాజిగిరిలో మేముండే బిల్డింగ్‌లో కింది పోర్షన్ అక్క జూన్ నెల కరెంటు బిల్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. వాళ్లది తెల్ల రేషన్ కార్డు, తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద ఎప్పుడూ జీరో బిల్లే. ఆ నెల 206 యూనిట్లు వచ్చాయి. పథకం 200 వరకే కాబట్టి పైన దాటిన ఆరు యూనిట్లకే కాదు, మొత్తం 206కీ డబ్బు కట్టాలి. "రోజూ పడుకునే ముందు ఫోన్ ఛార్జర్లన్నీ ఒక్కొక్కటీ పీకేస్తున్నా తమ్మీ, పీకకపోతే పిల్లల్ని తిడుతున్నా, అయినా ఎక్కడ పోయింది కరెంటు?" అని అడిగింది. ఆవిడ గొంతులో బాధ చూశాక ఊరికే ఏదో ఒకటి చెప్పి పంపాలనిపించలేదు. ఇద్దరం కలిసి వాళ్లిల్లంతా కొలిచాం. అక్కడ తెలిసినవి, మా ఇంట్లో అంతకుముందే చూసినవి కలిపి రాస్తున్నాను, ఎందుకంటే అక్కలాగే చాలామంది తప్పు వస్తువు మీద కష్టపడుతున్నారు.

ముందే చెప్పేస్తాను. ఈ మధ్య కొన్న ఫోన్ ఛార్జర్‌ని పీకినా, పీకకపోయినా బిల్లులో తేడా కనపడదు. బరువుగా ఉండే పాత అడాప్టర్లు, ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్స్, ఇవే అసలు తినేవి. ఏ వస్తువుకి ఏ పద్ధతి అన్నదే ఎంచుకోవాలి, అన్నిటికీ ఒకే పద్ధతి పెట్టుకుంటే శ్రమ ఎక్కువ, మిగిలేది తక్కువ.

లెక్క చూడండి. ఫోన్ తీసేశాక ఛార్జర్ ఒక్కటే సాకెట్‌లో ఉంటే, ఇప్పుడొచ్చే మంచి ఛార్జర్లు 0.1 వాట్ కంటే తక్కువే తీసుకుంటాయి. ఏడాదికి 8,760 గంటలు. అంటే 0.1 వాట్‌తో ఏడాదంతా వదిలేసినా 0.88 యూనిట్, ఒక్క యూనిట్ కూడా కాదు. నాలుగు ఛార్జర్లు రాత్రింబవళ్లు సాకెట్‌లోనే ఉన్నా నెలకి యూనిట్‌లో మూడో వంతు కూడా రాదు. అక్క రోజూ రాత్రి నాలుగు గదులు తిరిగి మిగిల్చింది అంతే. ఆ మాట చెప్పడానికి నాకే మనసు రాలేదు.

ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో రాసుంటుంది చూడండి, అందులో ఒక చిన్న వలయంలో రోమన్ అంకె ఉంటుంది. అది ఆరు (VI) అయితే, 49 వాట్ల వరకు ఉన్న ఛార్జర్ ఖాళీగా ఉన్నప్పుడు 0.1 వాట్ దాటకూడదు, లాప్‌టాప్ అడాప్టర్ లాంటి పెద్దవి 0.21 వాట్ దాటకూడదు. ఐదు అయితే చిన్నవాటికి 0.3 వాట్, పెద్దవాటికి 0.5 వాట్ దాకా వెళ్లొచ్చు. ఏ అంకే లేని, చేతిలో పట్టుకుంటే రాయిలా బరువుగా ఉండే నల్ల అడాప్టర్ అయితే మాత్రం కథ వేరు. దాని లోపల ఇనుప రేకుల మీద రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అవతలి కొసకి ఏమీ తగిలించకపోయినా ఇవతలి చుట్టలోకి కరెంటు పారుతూనే ఉంటుంది, ఆ ఇనుము వేడెక్కుతూనే ఉంటుంది. ఇవి ఖాళీగానే ఒకటి నుంచి మూడు వాట్ల దాకా తాగుతాయి. రెండు వాట్లు అనుకుంటే ఏడాదికి పదిహేడున్నర యూనిట్లు. పాత కార్డ్‌లెస్ ఫోను, పాత స్పీకర్లు, పిల్లల కీబోర్డు, కొన్ని పాత ట్రిమ్మర్లు ఇలాంటివే.

వీటిని పట్టుకోవడానికి మీటర్లు, యాప్‌లు అక్కర్లేదు. ఏమీ తగిలించకుండా ఒక గంట సాకెట్‌లో ఉంచి వెనక్కి అరచెయ్యి ఆనించండి. చల్లగా ఉంటే వదిలేయండి. గోరువెచ్చగా ఉంటే అది తింటోంది.

మరి పదిహేడు యూనిట్లకి ఇంత రాద్ధాంతం ఎందుకు అంటారేమో. మన దగ్గర స్లాబులు అలా ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో పెరిగిన రేట్ల ప్రకారం లెక్కేస్తే, నెలకి సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకి 3.40 చొప్పున, తర్వాతి వందకి 4.80 చొప్పున 820 రూపాయలు. 201 అయిందంటే మొత్తం వేరే వర్గంలోకి వెళ్లిపోతుంది, మొదటి 200కీ 5.10 చొప్పున 1,020, ఆ ఒక్క యూనిట్‌కి 7.70, మొత్తం 1,027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాటే. వంద దగ్గరా ఇంతే, 100 యూనిట్లకి 252.50, 101కి 344.80. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకాలు వేరు. గృహజ్యోతి ఉన్నవాళ్లకైతే 200 దగ్గర దెబ్బ ఇంకా పెద్దది, సున్నా నుంచి ఒక్కసారిగా వెయ్యి దాటిపోతుంది. కాబట్టి మీ బిల్లు ఎప్పుడూ 140 దగ్గరో 320 దగ్గరో తిరుగుతుంటే ఈ గొడవని అంతగా పట్టించుకోకండి. 95కీ 105కీ మధ్య, 190కీ 210కీ మధ్య ఊగుతుంటే మాత్రం నెలకి ఐదారు యూనిట్లు అంటే నిజంగా డబ్బే.

మేం కొలిచిన పద్ధతి చెప్తాను, మీరూ చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఎలక్ట్రానిక్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది, పక్కనే యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసుంటుంది. మా మీటర్ల మీద 3200 అని ఉంది. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, కూలర్ అన్నీ స్విచ్ దగ్గరే ఆపి (ఇన్వర్టర్ ఉంటే మెయిన్ మాత్రం ఆపకండి, అది బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది), మామూలుగా వదిలేసేవన్నీ అలాగే ఉంచి, మిణుకుకీ మిణుకుకీ మధ్య ఎన్ని సెకన్లో ఫోన్‌లో చూసుకోండి. 3200 మీటర్ అయితే 1125ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. మీటర్ మీద వేరే అంకె ఉంటే 36 లక్షలని ఆ అంకెతో భాగించి, వచ్చినదాన్ని 1125 బదులు వాడుకోండి.

అక్క వాళ్ల గుమ్మం దగ్గర నిలబడి స్విచ్‌లు చూసుకుంటుంటే నేను కింద మెట్ల పక్కన మీటర్ బాక్సు ముందు కూర్చున్నాను. మిణుకు... మళ్లీ మిణుకు. 32 సెకన్లు. నాలుగుసార్లు చూసినా అటూ ఇటూగా అంతే. అంటే ఇంట్లో ఎవరూ ఏమీ వాడకుండానే 35 వాట్లు పారుతున్నాయి. నెలకి 25 యూనిట్లు!

తర్వాత ఒక్కోదాన్నీ ప్లగ్‌కి పెట్టే చిన్న వాట్ మీటర్‌తో చూశాం. ఇన్వర్టర్, బ్యాటరీ నిండిపోయి ఊరికే ఉన్నప్పుడు, 17 వాట్లు. సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌తో ఆపేసినా 11. ఇది ఛార్జర్ కాదు గానీ దీన్ని వదిలేసి ఛార్జర్ల గురించి మాట్లాడితే అన్యాయం. పగలంతా ఆపడం మర్చిపోయే దోమల మందు మెషిన్ 5. గోడకి తగిలించిన పాత ఎమర్జెన్సీ లైటు ఒకటిన్నర. నాలుగు ఫోన్ ఛార్జర్లు కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూస్తే కూడా మీటర్‌లో అంకె సరిగ్గా కదల్లేదు. ఇక్కడొక జాగ్రత్త: ఇలాంటి చవక మీటర్లు ఒక వాట్ లోపు సరిగ్గా చూపించవు, దాని మాట నమ్మి ఛార్జర్ అసలేమీ తీసుకోవట్లేదు అనుకోకండి, తక్కువ తీసుకుంటోంది అనుకోండి.

ఇక ఏ పద్ధతి దేనికి.

అలాగే వదిలేయడం: ఆరు అంకె ఉన్న ఫోన్ ఛార్జర్‌కి కరెంటు పరంగా ఇబ్బంది లేదు. కానీ పేరూ ఊరూ లేని చవక ఛార్జర్‌ని మాత్రం నేను ఎప్పుడూ వదలను, అది కరెంటు తింటుందని కాదు, లోపల ఏం పెట్టారో నమ్మకం లేక. మన దగ్గర మే నెలలో ఈదురుగాలులు, ఉరుములు మొదలైతే కరెంటు పోతూ వస్తూ ఓల్టేజీ ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు ముందు పోయేవి ఇవే.

స్విచ్ ఆపడం: మన ఇళ్లలో సాకెట్ పక్కనే స్విచ్ ఉంటుంది, ఇంతకంటే మంచి పరికరం ఇంకోటి లేదు. చాలా దేశాల్లో సాకెట్‌కి స్విచ్ ఉండదు, అందుకే ఇంటర్నెట్‌లో కనిపించే సలహాలన్నీ పీకేయండి పీకేయండి అనే ఉంటాయి. మనకి ఆ అవసరం లేదు. స్విచ్ ఆపితే ఛార్జర్‌కి కరెంటు పూర్తిగా ఆగిపోతుంది, లెక్కలో అది సున్నా. ఒక్క విషయం చూసుకోండి, స్విచ్ ఫేజ్ వైరు (కరెంటు వచ్చే వైరు) మీదే ఉండాలి. పాత ఇళ్లలో కొన్నిచోట్ల పొరపాటున న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద పెట్టి ఉంటారు, అప్పుడు స్విచ్ ఆపినా సాకెట్‌లో టెస్టర్ వెలుగుతుంది. అలా వెలిగితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరిచేయించండి, వాయిదా వేయకండి.

రోజూ పీకడం: నేను వద్దంటాను. స్విచ్ ఆపితే వచ్చే లాభమే దీనికీ వస్తుంది, పైగా రోజూ పీకి పెట్టడం వల్ల సాకెట్ లోపలి పట్టు వదులవుతుంది. రెండు పుల్లల ప్లగ్‌ని మూడు రంధ్రాల సాకెట్‌లో పెట్టినప్పుడు అసలే వదులుగా ఉంటుంది. వదులైన చోట చిటపటమని నిప్పురవ్వలు, వేడి, చివరికి ప్లాస్టిక్ కరిగిన వాసన. మా హాల్లో సాకెట్ ఒకటి అలాగే నల్లబడిపోయింది, మార్చడానికి విప్పితే లోపల ఇత్తడి పట్టీ మాడి వంగిపోయి ఉంది. పీకాల్సింది ఎప్పుడంటే, ఉరుములు దగ్గరికి రాకముందే, ఊరెళ్లేటప్పుడు. స్విచ్ ఫేజ్‌నే ఆపుతుంది, న్యూట్రల్ తగులుకునే ఉంటుంది, పిడుగు పడినప్పుడు అటు నుంచి కూడా దెబ్బ రావచ్చు.

ఒక్కో సాకెట్‌కి ఒక్కో స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు: టీవీ దగ్గర, కంప్యూటర్ టేబుల్ దగ్గర ఇదే నా ఓటు. అక్కడ ఆరేడు వస్తువులు ఉంటాయి, గోడ స్విచ్ బల్ల వెనకెక్కడో ఉంటుంది, వంగి ఆపాలంటే ఎవరూ ఆపరు. చేతికి అందేచోట పెట్టుకుంటే రోజూ ఆపుతారు. ట్రూప్ బజార్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఒకే స్విచ్ ఉన్నది తీసుకోకండి, ఎందుకంటే ఒకదాని కోసం అన్నీ ఆన్‌లో ఉంచాల్సి వస్తుంది. దాని మీద వెలిగే చిన్న ఎర్ర లైటు కూడా దాదాపు ఒక కొత్త ఫోన్ ఛార్జర్ ఖాళీగా తీసుకున్నంత కరెంటు తీసుకుంటుంది, అది తెలిశాక ఫోన్ ఛార్జర్ గురించి నా టెన్షన్ పూర్తిగా పోయింది.

స్మార్ట్ ప్లగ్: ఫోన్ ఛార్జర్ కోసం కొనకండి. వైఫైతో మాట్లాడుతూ ఉండాలి కాబట్టి అదే అరవాట్ నుంచి ఒక వాట్ దాకా రోజంతా తీసుకుంటుంది. 0.1 వాట్‌ని ఆపడానికి అంతకు ఐదు నుంచి పది రెట్లు ఖర్చు చేసే మనిషిని పెట్టుకున్నట్టు. సెట్‌టాప్ బాక్స్ లాంటి పది వాట్ల వస్తువుని రాత్రి దానంతటదే ఆపేయాలి, ఇంట్లో ఎవరికీ గుర్తుండదు అనుకుంటే అప్పుడు పనికొస్తుంది. తిరిగే డయల్ ఉన్న టైమర్ సాకెట్ కూడా ఇంతే, లోపలి మోటారుకి ఒక వాట్ దాకా పోతుంది. దోమల మెషిన్‌కి పెట్టుకోవచ్చు, అయితే పొద్దున లేవగానే స్విచ్ ఆపే అలవాటు దీనికంటే మంచిది.

పాతవి తీసేసి ఒకే మంచి ఛార్జర్ కొనడం: కరెంటు మిగుల్తుందని కొంటే ఆ డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు. పాతది పాడైనప్పుడు మాత్రం రెండు మూడు పోర్టులున్న 65 వాట్ల ఛార్జర్ తీసుకుంటే లాప్‌టాప్‌కీ ఫోన్‌కీ కలిపి ఒకటే సరిపోతుంది, సాకెట్లు ఖాళీ అవుతాయి. జగదీష్ మార్కెట్‌లో అయినా పార్క్‌లేన్ సీటీసీలో అయినా కొనేముందు తిప్పి చూడండి. ఆరు అంకె ఉందా, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

కొన్నిటి గురించి విడిగా చెప్పాలి. మొదటిది దోమల బ్యాట్. హైదరాబాద్‌లో బ్యాట్ లేని ఇల్లు లేదు, పిడి కింద నుంచి రెండు పుల్లలు బయటికి లాగి నేరుగా సాకెట్‌లో గుచ్చేస్తాం. చవక బ్యాట్లలో చాలావాటి లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక కెపాసిటర్‌తో ఓల్టేజీ దించి చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఇచ్చేస్తారు, నిండాక ఆపే ఏర్పాటు కూడా ఉండదు. కరెంటు పెద్దగా తినదు, కానీ రెండు రోజులు మర్చిపోతే బ్యాటరీ ఉబ్బి పాడవుతుంది, మెయిన్ కరెంటుకీ లోపలి భాగాలకీ మధ్య అడ్డు లేదు కాబట్టి పగిలిన బ్యాట్‌ని ఛార్జింగ్‌లో ఉండగా ముట్టుకోవడం ప్రమాదం. పెట్టె మీద రాసిన గంటలు చూసి, పగటిపూట, మనుషులు తిరిగే గదిలో పెట్టండి. మంచం పక్కన పెట్టి పడుకోకండి. ఈ ఒక్క మాట మాత్రం వినండి.

ఎమర్జెన్సీ లైటు ఎప్పుడూ ప్లగ్‌లో ఉంటేనే కరెంటు పోగానే వెలుగుతుంది, అదే దాని పని. ఇంట్లో ఇన్వర్టర్ ఉండి కూడా అది గోడకి వేలాడుతుంటే మాత్రం తీసేసి, వారానికోసారి ఛార్జింగ్ పెట్టుకుంటే చాలు. అక్క వాళ్లింట్లో అదే చేశాం. ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జర్ అయితే నిండాక స్విచ్ ఆపి, తర్వాత ప్లగ్ తీయండి, సెల్లార్‌లో రాత్రంతా వదిలేయకండి, మామూలు చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద అసలు పెట్టకండి.

ఇన్వర్టర్ దగ్గర నిర్ణయం కష్టం. 17 వాట్లు అంటే నెలకి 12 యూనిట్లు, ఇంట్లో వదిలేసే వస్తువులన్నిట్లో పెద్దది అదే. ఆపేస్తే కరెంటు పోయినప్పుడు దానంతటది వెలగదు, ఊరికే పడి ఉన్న బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది. చలికాలంలో మీ ఏరియాలో కోతలు బాగా తక్కువగా ఉంటే ఆపేసి, రెండు మూడు వారాలకోసారి ఒక రోజంతా ఛార్జింగ్ పెట్టొచ్చు, అదీ మీకు గుర్తుంటుందనుకుంటేనే. అక్క వాళ్ల అత్తమ్మకి ఆయాసం, రాత్రిళ్లు నెబ్యులైజర్ పెట్టాలి. అందుకని దాన్ని ఆపమని నేను చెప్పలేదు, 12 యూనిట్లు పోతే పోనీ. చూసింది ఏంటంటే బ్యాటరీ ముట్టుకుంటే వెచ్చగా ఉందా, డిస్టిల్డ్ వాటర్ మునుపటికంటే తొందరగా తగ్గుతోందా అని. బ్యాటరీ ముసలిదయ్యాక నిండినట్టు ఎప్పటికీ అనిపించుకోదు, ఛార్జర్ తోస్తూనే ఉంటుంది, వాట్లు పెరుగుతాయి. అలా అయితే కొత్త బ్యాటరీ వేస్తే కరెంటూ తగ్గుతుంది. వాళ్లది ఇంకా బాగానే ఉంది.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకి ఇన్వర్టర్ గురించే ఇంకో మాట. ఫ్రిజ్ ఖాళీ చేసి మెయిన్ ఆపేసి తాళం వేసుకుని వెళ్తారు, ఇన్వర్టర్ మీద స్విచ్ మాత్రం మర్చిపోతారు. మెయిన్ ఆగగానే అది కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద పనిచేయడం మొదలుపెడుతుంది. వారం తర్వాత వచ్చేసరికి బ్యాటరీ అడుగంటి ఉంటుంది, లెడ్ యాసిడ్ బ్యాటరీకి అంతకంటే చెడు ఇంకోటి లేదు. ముందు ఇన్వర్టర్ ముందు భాగంలో ఉన్న స్విచ్ ఆపండి, తర్వాత మెయిన్.

అక్క వాళ్లింట్లో చివరికి మార్చినవి మూడే. సెట్‌టాప్ బాక్స్‌ని స్విచ్‌లున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చి, సీరియళ్లు చూసే ఆరు గంటలు తప్ప ఆపేయడం, దీంతో నెలకి దాదాపు ఆరు యూనిట్లు. దోమల మెషిన్ పగలు ఆపడం, రెండు. ఎమర్జెన్సీ లైటు, ఒకటి. జూలైలో 191 వచ్చింది, మళ్లీ జీరో బిల్లు. వానలు పడి కూలర్ మూలన పెట్టేశారు కాబట్టి తగ్గిందంతా మా లెక్కే అని చెప్పను, మా వంతు తొమ్మిది యూనిట్లు. ఫోన్ ఛార్జర్లు ఇప్పుడు సాకెట్‌లోనే ఉంటున్నాయి, పడుకునే ముందు ఎవరికి వీలైతే వాళ్లు స్విచ్ ఆపుతున్నారు, ఆపకపోయినా అక్క ఎవర్నీ తిట్టడం లేదు.